‘దెబ్బ తగిలింది’ని ఇంగ్లీషులో ఎట్టా రాయాలి: ఒంగోలులో నేను చేరిన సాయంత్రం క్లాసు

చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఎగుమతి ఆఫీసులో డెస్పాచ్ పని చూస్తాను. పదకొండేళ్ళయింది. ఏ బ్లాకు ఏ లారీలో ఎక్కింది, ఏ రేవుకి పోతోంది, దారిలో ఏమైంది, ఇవన్నీ కొనేవాళ్ళకి ఇంగ్లీషులో మెయిలు పెట్టడం నా పని. రోజూ ఒంగోలు నుంచి బస్సులో వెళ్ళొస్తాను. అద్దంకి బస్టాండు దగ్గర సందులో, మేడ మీద గదిలో రిటైరైన మాస్టారు ఒకాయన సాయంత్రాలు ఇంగ్లీషు చెప్తారు. ఈ రివ్యూ ఆ క్లాసు గురించి. ఆయన బోర్డు కట్టుకోలేదు, పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

ఆరు వారాల కోర్సు. వారానికి 3 రోజులు, సాయంత్రం 7 నుంచి 8:15 దాకా. ఫీజు 2,000 రూపాయలు. నేను పూర్తిగా చేశాను. మూడో వారం గురించే ఎక్కువ రాస్తాను, ఆ వారం కోసమే చేరాను కాబట్టి.

ఎందుకు చేరానో ముందు చెప్పాలి. 2021 నవంబరులో పెన్నకి వరదొచ్చినప్పుడు కోవూరు దగ్గర హైవే తెగి, రాకపోకలు ఆగిపోయాయి. చెన్నై రేవుకి పోవాల్సిన మా లారీ ఒకటి కావలి దాటాక ఆగిపోయింది. డ్రైవరన్న ఫోన్ చేసి, ‘అక్కా, ముందుకి పోనివ్వడం లేదు, ఇక్కడే ఇరుక్కుపోయాం, బండికేం కాలేదు’ అన్నాడు. నేను వెంటనే చెన్నైలో సరుకు తీసుకునే ఆఫీసుకి మెసేజ్ పెట్టాను: ‘లారీ స్ట్రక్ నియర్ కోవూరు డ్యూ టు ఫ్లడ్.’ మన వైపు అందరూ అట్టాగే రాస్తారు. ట్రాఫిక్‌లో స్ట్రక్ అయ్యాను, పనిలో స్ట్రక్ అయ్యాను అనే అంటాం. అవతల చదివినాయన తెలుగాయన కాదు. వరద లారీని కొట్టిందనే ఆయనకి అర్థమైంది. డ్యామేజీ ఫొటోలు పంపమన్నారు, బ్లాకు రేవులో చూసేదాకా డబ్బులు ఆపుతామన్నారు. లారీ చేరి, బ్లాకు చుట్టూ ఫొటోలు తీసి పంపేసరికి నాలుగు రోజులు పోయాయి. డ్రైవరన్నకి బత్తా కూడా ఆలస్యమైంది. అది నాకు బాగా బాధేసింది.

స్ట్రక్‌కీ స్టక్‌కీ మధ్య ఒక్క ‘ర’ వత్తు తేడా. స్టక్ అంటే ఇరుక్కోవడం, స్టిక్ నుంచి వచ్చింది. స్ట్రక్ అంటే దెబ్బ పడడం, స్ట్రైక్ నుంచి వచ్చింది. ఇది తర్వాత తెలుసుకున్నాను. కానీ పోయిన ఏడాది ఇంకోటి జరిగింది. టంగుటూరు టోల్‌గేటు దగ్గర లైన్లో నిలబడ్డ మా బండిని వెనక నుంచి ఒక లారీ గుద్దింది. ఇన్సూరెన్సుకి నేను రాసిన కాగితంలో ‘అవర్ లారీ డ్యాష్డ్ విత్ ఎనదర్ లారీ’ అని ఉంది. ఎవరు ఎవర్ని గుద్దారో ఆ వాక్యంలో లేదు. రెండుసార్లు ప్రశ్నలు పంపారు. క్లెయిము వారాల తరబడి నడిచింది. తప్పు మాది కాని చోట తప్పు మాదేమో అన్నట్టు నేనే రాశాను. ఆ వారమే మాస్టారి దగ్గరికి వెళ్ళాను. జరిగిందంతా విని, ‘మూడో వారంలో దెబ్బల మాటలు చెప్తానమ్మా, అప్పటిదాకా మానొద్దు’ అన్నారు.

మూడో వారం మొదటి రోజు బోర్డు మీద ‘కొట్టు’ అని పెద్దగా రాసి, దీంతో మీకు తెలిసినవన్నీ చెప్పమన్నారు. టెంకాయ కొట్టడం, తలుపు కొట్టడం, డప్పు కొట్టడం, చప్పట్లు, హారను, సున్నం, పురుగు మందు, సైకిలుకి గాలి, కన్ను కొట్టడం, బోరు కొట్టడం... బోర్డు నిండిపోయింది. వీటిలో ఇంగ్లీషులో హిట్ అయ్యేవి ఎన్ని అని అడిగారు. లెక్క చూస్తే ఒక్కటీ సరిగ్గా కుదర్లేదు. టెంకాయ అయితే బ్రేక్, తలుపు అయితే నాక్, డప్పు అయితే బీట్, చేతులైతే క్లాప్, మందైతే స్ప్రే, గాలైతే పంప్. మనం ఒకే మాటతో ఇంటి నుంచి పొలం దాకా పని జరిపించుకుంటాం, ఇంగ్లీషు వాడు ఒక్కో పనికి ఒక్కో మాట పెట్టుకున్నాడు అన్నారు.

అక్కడితో ఆపి ఉంటే మామూలు క్లాసే. ఆయన బోర్డు తుడిచి గుద్దు, చరుచు, మొట్టు, తన్ను, బాదు, మోదు, కుమ్ము, తట్టు, దంచు అని రాశారు. మన భాషలో మాటల్లేవని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దన్నారు. పిడికిలైతే గుద్దు, అరచేయైతే చరుపు, కాలైతే తన్ను, వేళ్ళ కణుపులైతే మొట్టికాయ, కొమ్ములైతే కుమ్ము. ఏ అవయవంతో దెబ్బ పడిందో మాటలోనే ఉంది. ఇంగ్లీషులో పంచ్, స్లాప్, కిక్, బట్ కూడా అంతే. మొట్టికాయకి మాత్రం ఇంగ్లీషులో ఒక్క మాట దొరకదు, వాక్యం రాయాల్సిందే. ఆ పోలిక విన్నాక నాకు ఇంగ్లీషు మాటలంటే భయం సగం తగ్గింది. మనకి తెలిసిన పద్ధతే వాళ్ళదీ అని తెలిశాక బట్టీ పట్టాల్సిన పని లేకపోయింది.

ఒంగోలు గిత్తలూ నెల్లూరు పొట్టేళ్ళూ తెలిసిన మనకి ర్యామ్ అనే మాట ఇట్టే పట్టుబడుతుంది. ర్యామ్ అంటే పొట్టేలు. పొట్టేలు వెనక్కి తగ్గి, తల వంచి, వచ్చి కుమ్ముతుంది చూశారా, ఆ ఊపుతో గుద్దడమే ర్యామ్. బండి మెల్లగా వచ్చి ఆనుకుంటే ర్యామ్ అనకూడదు, అది బంప్. తలతో కుమ్మితే బట్, కొమ్ముతో పొడిచి రక్తం వస్తే గోర్. జంతువు కళ్ళ ముందు నిలబడితే మాట మర్చిపోవడం కుదరదు.

రెండో రోజు క్లాసు మధ్యలో కరెంటు పోయింది. ఆయన ఆపలేదు. చీకట్లోనే బల్ల మీద ఏదో చప్పుడు చేసి, ఏం చేశానో ఇంగ్లీషులో చెప్పండి అన్నారు. వేలి కొనతో రెండుసార్లు టకటక, అది ట్యాప్. వేళ్ళ కణుపులతో గట్టిగా, అది నాక్. అరచేత్తో ఫెడీమని ఒకటి, అది స్లాప్. పిడికిలితో అడుగున గుమ్మని మోగింది, అది థంప్. తర్వాత సంచేదో నేల మీద వదిలారు, మెత్తగా బరువుగా ధబ్బుమంది, అది థడ్. చివర్లో తలుపు విసురుగా మూశారు, ఉలిక్కిపడ్డాం, అది బ్యాంగ్. లైటు వచ్చేసరికి మా పద్నాలుగు మందికీ ఆ ఆరు మాటలూ చెవిలో ఉండిపోయాయి. ఇంగ్లీషులో దెబ్బల మాటలు కొన్ని చప్పుడు నుంచే వచ్చాయని, మన ఫెళ్ళున, ధన్‌మని, టపీమని కూడా అట్టాంటివేనని అప్పుడు చెప్పారు. అంత మంచి క్లాసు నేను బడిలోనూ వినలేదు, కాలేజీలోనూ వినలేదు.

ఇక అసలు పాఠం. ఏ దెబ్బ గురించి రాయాలన్నా ముందు మూడు ప్రశ్నలు వేసుకోమంటారు. ఏది కదులుతోంది? ఎన్నిసార్లు పడింది? తర్వాత ఏం మిగిలింది?

మొదటి ప్రశ్న నాలాంటి వాళ్ళకి ప్రాణం. మా బండి నిలబడి ఉంటే ‘అవర్ లారీ వాజ్ హిట్ ఫ్రమ్ బిహైండ్’. మా బండి పోయి గుద్దితే ‘అవర్ లారీ హిట్’. మధ్యలో ఆ ‘వాజ్’ ఉందా లేదా అన్నదాన్ని బట్టి డబ్బులు కట్టేది ఎవరో మారిపోతుంది. ఎదురెదురుగా వచ్చి కొట్టుకుంటే కొలైడ్. అది లాటిన్ మాట, కలిసి కొట్టుకోవడం అని. రెండూ కదులుతుంటేనే ఆ మాట వాడాలని పత్రికల వాళ్ళు చాలా కాలం నియమం పెట్టుకున్నారట. నిఘంటువులు అంత పట్టింపు పెట్టవు. అయినా క్లెయిము కాగితంలో మాత్రం నిలబడ్డ బండికి ఆ మాట వాడొద్దని మాస్టారి మాట. చదివేవాడు రెండూ కదిలాయనుకునే ప్రమాదం ఉంది.

నేను రాసిన డ్యాష్ సంగతి కూడా అక్కడే తేలింది. మన పోలీసు కాగితాల్లో, కోర్టు తీర్పుల్లో ‘డ్యాష్డ్ అగైనెస్ట్’ ఉంటుంది, మనం మాట్లాడేటప్పుడు కూడా డ్యాష్ ఇచ్చాడంటాం. ఇది మన దేశంలో అందరికీ అర్థమవుతుంది. ఇటలీలోనో చైనాలోనో ఉన్న కొనుగోలుదారుకి మాత్రం డ్యాష్ అంటే పరుగున దూసుకుపోవడం. స్టేషన్లో ఇచ్చే కాగితంలో ఉండనివ్వమని, బయటికి పోయే మెయిల్లో హిట్ రాయమని చెప్పారు. మన వాడుక తప్పని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. ఏది ఎక్కడ చెల్లుతుందో చెప్తారు, అంతే. ఆయనలో నాకు బాగా నచ్చింది ఇదే.

రెండో ప్రశ్న చిన్నది. హిట్ ఒక్క దెబ్బకి సరిపోతుంది. బీట్ అంటే వరసగా పడాలి, డప్పు మీద లాగా, గుండె కొట్టుకున్నట్టు. అందుకే ‘కారు అతన్ని బీట్ చేసింది’ అని రాస్తే కారు అతన్ని ఓడించిందనో, పట్టుకుని బాదిందనో వస్తుంది.

మూడో ప్రశ్నకి మాత్రం నేను మా ఆఫీసు నుంచి గెలాక్సీ రాయి శాంపిలు ముక్క పట్టుకెళ్ళాను, నల్ల రాతి మీద బంగారు చుక్కలున్నది. దాని మూల ఒకటి కొంచెం లేచిపోయింది. నేను ఇన్నాళ్ళూ ‘కార్నర్ డెంట్’ అనే రాసేదాన్ని. ఆయన ఆ ముక్కని వేలితో తడిమి చూసి, ‘రాయికి సొట్ట పడుతుందా అమ్మా?’ అని అడిగారు. పడదు. సొట్ట పడేది రేకుకి, బండి తలుపుకి. రాయి అంచు పెచ్చులేస్తుంది, అది చిప్. బీట వారుతుంది, అది క్రాక్. ముక్కలు ముక్కలైతే స్మాష్. ఈ తేడా నాకు డబ్బులతో సమానం. చిప్ అయితే అంచు కోసి, కొలత తగ్గించుకుని తీసుకుంటారు. క్రాక్ అంటే బ్లాకే వెనక్కొస్తుంది. డెంట్ అని రాస్తే అవతలి వాళ్ళకి రెండింటిలో ఏదీ తెలియదు.

క్రాష్, క్రష్ గురించి కూడా మా ఊరి ఉదాహరణే చెప్పారు. కంకర క్రషర్ చేసేది క్రష్, రెండు వైపుల నుంచి నొక్కి పిండి చెయ్యడం. క్రాష్ అంటే వేగంగా పోయి పెద్ద చప్పుడుతో గుద్దుకుని పాడైపోవడం. బ్లాకు జారి క్లీనరు చెయ్యి నలిగితే అది క్రష్. దాన్ని క్రాష్ అని రాస్తే ఆసుపత్రి కాగితానికీ మన కాగితానికీ పొత్తు కుదరదు.

మా బ్యాచ్‌లో ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసే నర్సు ఒకామె ఉంది. మూడో రోజు ఆమె అడిగిన ప్రశ్న దగ్గరే క్లాసు చాలాసేపు గడిచింది. రాత్రి డ్యూటీలో ఒకాయన్ని తీసుకొచ్చి, ‘తలకి దెబ్బ తగిలిందమ్మా’ అన్నారట. ఆమె కేసు షీటులో ‘హిట్ ఆన్ హెడ్’ అని రాసింది. అంటే ఎవరో తల మీద కొట్టారని. తీరా ఆయన మెట్ల మీద జారి గోడకి కొట్టుకున్నాడు. అలాంటప్పుడు ‘హిట్ హిజ్ హెడ్’ అని రాయాలి. మొదటిది పోలీసులకి చెప్పాల్సిన కేసు, రెండోది ఇంట్లో జరిగిన ప్రమాదం. ఇంట్లో వాళ్ళని పిలిచి అడిగేదాకా వెళ్ళిందట వ్యవహారం.

మాస్టారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘తగిలింది’ అనే మాట బోర్డు మీద రాసి, దీంట్లో ఎవరున్నారో చెప్పండన్నారు. ఎవరూ లేరు. దెబ్బ తగిలింది, రాయి తగిలింది, ఎండ తగిలింది. చేసినవాడి ఊసెత్తకుండా జరిగింది చెప్పడానికి మన భాషలో ఉన్న మాట అది. తెలుగులో ఎదుటివాడు ‘ఎట్టా తగిలింది?’ అని అడుగుతాడు, మనం చెప్తాం, సరిపోతుంది. ఇంగ్లీషు కాగితం అడగదు. మనం ఏ మాట రాస్తే అదే జరిగినట్టు లెక్క. ఎవరు కొట్టారో తెలియనప్పుడు హిట్, బీట్, స్ట్రక్ ఏదీ రాయొద్దు, ‘ఇంజర్డ్’ అనో ‘హెడ్ ఇంజరీ’ అనో రాసి ఆపండి, తెలిశాక మిగతాది రాయండి అన్నారు. నర్సమ్మాయి దాన్ని నోటు పుస్తకంలో ఎర్ర పెన్నుతో రాసుకుంది. నేనూ రాసుకున్నాను.

రోడ్డు మీద పనిచేసే వాళ్ళందరూ తెలుసుకోవాల్సింది ఇంకోటి అదే రోజు చెప్పారు. బండి తగిలి మనిషి కింద పడితే నాక్ డౌన్. టైరు మనిషి మీదికి ఎక్కితే రన్ ఓవర్. రెండూ ఒకటి కాదు. గుద్ది ఆపకుండా పోయిన ప్రతివాణ్ణీ మనం హిట్ అండ్ రన్ అంటాం. మోటారు వాహనాల చట్టం దృష్టిలో మాత్రం ఎంత వెతికినా బండి ఏదో తెలియనప్పుడే అది హిట్ అండ్ రన్. అప్పుడు వచ్చే పరిహారం 2022 ఏప్రిల్ 1 నుంచి మనిషి చనిపోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50,000 రూపాయలు. అంతకుముందు 25,000, 12,500 మాత్రమే ఉండేది. బండి నంబరు తెలిసిన కేసుని హిట్ అండ్ రన్ అని రాస్తే ఆ కుటుంబం తప్పు కిటికీ దగ్గర లైన్లో నిలబడాల్సి వస్తుంది.

నాలుగు రోజులు పోగొట్టుకున్నదాన్ని కాబట్టి స్ట్రైక్ మీద ఆయన చెప్పిందంతా నేను వదలకుండా రాసుకున్నాను. హిట్ కన్నా ఇది కొంచెం పెద్దమనిషి మాట. పిడుగు పడితే స్ట్రైక్, గడియారం గంట కొడితే స్ట్రైక్, అగ్గిపుల్ల గీస్తే స్ట్రైక్. సమ్మె కూడా స్ట్రైకే. 1768లో లండన్ రేవులో నావికులు ఓడల తెరచాపలు దించేసి పని ఆపారు, తెరచాప దించడాన్ని వాళ్ళు స్ట్రైక్ అనేవాళ్ళు, అందులోంచే సమ్మె అర్థం వచ్చింది. స్ట్రోక్ కూడా అదే కుటుంబం. వడదెబ్బ హీట్ స్ట్రోక్, పక్షవాతం స్ట్రోక్, పిల్లి వీపు నిమిరితే అదీ స్ట్రోకే. మనం వడ ‘దెబ్బ’ అన్నట్టే వాళ్ళూ ఎండని కొట్టేదానిగా చూశారని తెలిసి సంతోషమనిపించింది.

ఇంపాక్ట్ ఆఖర్న పది నిమిషాల్లో అయిపోయింది. మనం టీవీల్లో ప్రభావం అనే అర్థంలోనే వింటాం. మొదట్లో ఆ మాటకి గట్టిగా నొక్కి ఇరికించడం అనే అర్థం ఉండేదని, పంటి డాక్టర్లు జ్ఞానదంతం ఇంపాక్ట్ అయిందనడం ఆ పాత అర్థంలోనేనని చెప్పారు. నామవాచకమైతే ‘ఇం’ నొక్కి పలకాలి, క్రియ అయితే ‘పాక్ట్’ నొక్కాలి. ఇంకాస్త చెప్పి ఉంటే బాగుండేది. తుఫాను గురించి మెయిళ్ళు రాసే మాకు హిట్‌కీ ఇంపాక్ట్‌కీ తేడా చాలా అవసరం. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను తీరం దాటింది బాపట్ల దగ్గర, అంటే హిట్ అయింది అక్కడ. ఇంపాక్ట్ మాత్రం నెల్లూరు దాటి చెన్నై దాకా ఉంది. ఈ ఉదాహరణ నేనే ఆలోచించుకున్నాను, మాస్టారు చెప్పలేదు.

లోపాలు కూడా రాయాలి. అచ్చు కాగితాలేవీ ఇవ్వరు, అంతా మనమే రాసుకోవాలి. ఒక రోజు మానేస్తే ఆ పాఠం పోయినట్టే. ఉచ్చారణ తక్కువ చెప్తారు. నాక్‌లో ‘కె’ పలకదని చెప్పారు గానీ, మా నోటితో పలికించలేదు. ఫోన్లో మాట్లాడే పని ఉన్నవాళ్ళకి అది లోటే. సందులో బండ్ల హారన్ల వల్ల కిటికీలు మూయాలి, మూస్తే ఉక్క. ఆడవాళ్ళకి ఇంకో ఇబ్బంది ఉంది. 8:15కి వదిలితే టంగుటూరు, సింగరాయకొండ వైపు నుంచి వచ్చేవాళ్ళు ఇల్లు చేరేసరికి పొద్దుపోతుంది. ఆదివారం పొద్దున ఒక బ్యాచ్ పెట్టమని అడిగాం, చూస్తానన్నారు.

స్పోకెన్ ఇంగ్లీషు గడగడా రావాలని చేరేవాళ్ళకి ఈ క్లాసు నచ్చదు. మాట్లాడించడం తక్కువ, ఆలోచింపజేయడం ఎక్కువ. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులు, బాడీ షెడ్లు, ఆసుపత్రులు, వకీళ్ళ దగ్గర గుమాస్తాలు, ఇట్టా కాగితం మీద ఒక్క మాట తప్పితే ఎవరికో నష్టం జరిగే చోట పనిచేసేవాళ్ళు తప్పకుండా చేరాలి. నా మట్టుకు నేను 5కి నాలుగున్నర ఇస్తాను. తగ్గిన అర అచ్చు కాగితాల కోసం.

పోయిన నెల డ్రైవరన్న ఒకాయన గూడూరు దగ్గర్నుంచి ఫోన్ చేశాడు. ‘అక్కా, బండికి తగిలింది’ అన్నాడు. ఎవరు తగిలించారన్నా అని అడిగాను. మనం ఆగి ఉన్నాం, వ్యాను వాడు పక్క నుంచి రాసుకుంటూ పోయాడన్నాడు. రాయికేమైంది అన్నాను. రాయి చెక్కుచెదరలేదు, బండి పక్క రేకు సొట్టపోయిందన్నాడు. నేను రాసింది ఇది: ‘అవర్ పార్క్డ్ లారీ వాజ్ సైడ్‌స్వైప్డ్ బై ఎ వ్యాన్. ద సైడ్ ప్యానెల్ ఈజ్ డెంటెడ్. ద బ్లాక్ ఈజ్ నాట్ చిప్డ్ ఆర్ క్రాక్డ్.’ పావుగంటలో ‘నోటెడ్’ అని జవాబొచ్చింది. ఫొటోలు అడగలేదు, డబ్బులు ఆపలేదు. డ్రైవరన్న బత్తా ఆ సాయంత్రమే వేయించాను.

కొత్త బ్యాచ్ ప్రతి నెలా మొదటి సోమవారం మొదలవుతుంది. గదిలో కుర్చీలు పద్నాలుగే ఉన్నాయి, ముందు రోజు వెళ్ళి పేరు రాయించుకోండి. రెండొందల పేజీల నోటు పుస్తకం పట్టుకెళ్ళండి, చిన్నది సరిపోదు.